నూనె నదుల బాకీ

2009 మే 2న నైజీరియాలోని బోడో అనే ఊళ్లో షెల్ కంపెనీ మనుషులు సరుకులు దించారు. బియ్యం 50 బస్తాలు, చిక్కుడు గింజలు 50 బస్తాలు, గారీ అని అక్కడివాళ్లు రోజూ తినే కర్రపెండలం రవ్వ 50 బస్తాలు. చక్కెర, పాలపొడి, తేయాకు, టమాటా డబ్బాలు, వేరుశనగ నూనె, అన్నీ లెక్కగా 50 చొప్పున. బోడో నైజర్ డెల్టాలో సముద్రపు పాయల ఒడ్డున ఉన్న చేపలు పట్టుకు బతికే ఊరు. అంతకు ఎనిమిది నెలల ముందు, 2008 ఆగస్టు చివర్లో, ఆ ఊరి మీదుగా పోయే షెల్ పైపులైను కారడం మొదలైంది. నవంబరు 7 దాకా అది ఆగలేదు. ఆగిన నెలకే మళ్లీ కారింది. రెండోసారి ఆగేసరికి ఫిబ్రవరి వచ్చింది. పాయల్లో చేపలు పోయాయి, పీతలు పోయాయి, మడచెట్లు వేళ్లతో సహా నల్లగా మాడిపోయాయి. వేలమంది ఉన్న ఊరికి 50 బస్తాలు తెచ్చేసరికి, ఇది మమ్మల్ని వెక్కిరించడమేనని ఊరివాళ్లు ముందు వద్దన్నారు.

ఆ బస్తాలను ఏమని పిలవాలి? పరిహారం అంటే తప్పు ఒప్పుకోవాలి, నష్టం లెక్క కట్టాలి, లెక్క తేలాక అంతా చెల్లించాలి. సాయం అంటే ఆ బాదరబందీ లేదు. ఇచ్చినంత ఇవ్వొచ్చు, ఇచ్చినప్పుడు ఇవ్వొచ్చు, ఇచ్చి ఫొటో తీయించుకోవచ్చు. ఇవాళ కార్పొరేట్ సామాజిక బాధ్యత, పొట్టిగా సీఎస్ఆర్ అంటున్న దాని చరిత్రను, ముఖ్యంగా పేద దేశాల్లో చమురు తవ్విన బహుళజాతి కంపెనీల విషయంలో, మొదట్నుంచీ తిరగేస్తే నాకు కనిపించింది ఇదే. బాకీ పడ్డవాడు దాత వేషం కట్టడం. మన పెద్దవాళ్లు ఆవును చంపి చెప్పులు దానం చేయడం అన్నారు. ఆ చెప్పులు ఎప్పుడు, ఎవరికి, ఎందుకు ఇచ్చారన్నదే ఈ కథ.

నైజర్ డెల్టాకు 'ఆయిల్ రివర్స్', అంటే నూనె నదులు అనే పేరు ముడి చమురు వల్ల వచ్చింది కాదు. భూమిలో చమురుందని తెలియడానికి చాలా ముందే, 19వ శతాబ్దంలో, ఆ పాయల గుండా పామాయిల్ పీపాలు బ్రిటన్‌కు వెళ్లేవి. యంత్రాలకు కందెనగా, సబ్బులకు కొవ్వుగా అక్కడి ఫ్యాక్టరీలకు అది కావాల్సి వచ్చింది. 1885లో బ్రిటన్ ఆ తీరాన్ని నూనె నదుల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఎవరి నుంచి ఎవరికి రక్షణో రెండేళ్లలోనే తేలింది. జాజా అనే ఒకాయన చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయి, పామాయిల్ వ్యాపారంలో పైకొచ్చి, ఒపోబో అనే సొంత రాజ్యం కట్టుకున్నాడు. తెల్ల వర్తకులను లోపలి సంతల్లోకి రానివ్వకుండా, సరుకు తన చేతుల మీదుగానే పోవాలన్నాడు. 1887లో బ్రిటిష్ కాన్సల్ హ్యారీ జాన్‌స్టన్ మాట్లాడుకుందాం రమ్మని పిలిచి, యుద్ధనౌక ఎక్కించి, దేశం దాటించాడు. వెస్టిండీస్‌లో ప్రవాసం గడిపి, 1891లో తిరిగొస్తూ దారిలోనే జాజా చనిపోయాడు.

1886లో రాణిగారి పట్టా పొందిన రాయల్ నైజర్ కంపెనీ పన్నులు వేసింది, సైన్యం పెట్టుకుంది, నది మీద గుత్తాధిపత్యం చలాయించింది. మన ఈస్టిండియా కంపెనీ కథ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తమ సంతలు తమకే మూసేశారని నెంబే పాయల్లోని బ్రాస్ ప్రజలు మొరపెట్టుకున్నా వినకపోతే, 1895 జనవరిలో నెంబే రాజు కోకో అకాసాలోని కంపెనీ గిడ్డంగుల మీద దాడి చేశాడు. ఫిబ్రవరిలో బ్రిటిష్ నౌకాదళం వచ్చి నెంబేను తగలబెట్టింది. ఆ కంపెనీ 1920లో సన్‌లైట్ సబ్బుల లీవర్ బ్రదర్స్ చేతికి వచ్చింది. మన అమ్మమ్మలు రేవులో బట్టలుతికిన సబ్బుకూ ఆ పాయలకూ అంత దూరం లేదన్నమాట.

ఈ దశలో సామాజిక బాధ్యత అనే మాటే లేదు. ఉన్నది తుపాకీ, ఒప్పందం. ఒప్పంద పత్రం మీద రాజులు గుర్తు పెట్టేవారు, అందులో ఏముందో తర్వాత తెలిసేది.

మాట లేకపోయినా, ఆ పని వేరే చోట మొదలైంది. బర్మాలో యెనాంజౌంగ్ దగ్గర చేతితో బావులు తవ్వి చమురు తోడే వంశపారంపర్య కుటుంబాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. 1886లో గ్లాస్గోలో పుట్టిన బర్మా ఆయిల్ కంపెనీ యంత్రాలతో దిగాక వాళ్ల బావులు వెనకబడ్డాయి. మనవాళ్లు రంగం అని పిలిచిన ఆ దేశానికే మన కోస్తా వాళ్లు వేలాదిగా ఓడలెక్కారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్లకు కోరంగీలనే పేరు పడింది. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో వాళ్ల చెమట కలిసింది. చమురు పనుల్లోనూ భారతీయ కూలీలు పెద్దసంఖ్యలోనే ఉండేవారు. 1938లో చమురు కార్మికులు సమ్మె చేసి రంగూన్‌కు కాలినడకన బయల్దేరారు. బర్మా స్వాతంత్య్ర పోరాటంలో ఆ నడకకు పెద్ద చోటుంది.

బర్మా ఆయిల్ డబ్బుతోనే 1909లో ఆంగ్లో పర్షియన్ కంపెనీ, అంటే ఇవాళ్టి బీపీకి తాత, పుట్టింది. దానికి పునాదిగా 1901లోనే విలియం నాక్స్ డార్సీ ఇరాన్ షా దగ్గర చమురు తవ్వుకునే 60 ఏళ్ల హక్కు సంపాదించాడు. నికర లాభంలో నూటికి 16 ఇరాన్‌కు. ఆ లాభమెంతో లెక్క కట్టేది కంపెనీయే. అబాదాన్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద చమురు శుద్ధి కర్మాగారం లేచింది. కంపెనీ అక్కడ ఆస్పత్రి కట్టింది, సాంకేతిక విద్యాలయం పెట్టింది, అధికారులకు పచ్చిక బయళ్లు, ఈత కొలనులు అమర్చింది. ఇవన్నీ చూపి 1940ల్లో, మేం దేశాన్ని ఉద్ధరించామని చెప్పుకుంది. అదే ఊళ్లో కార్మికుల పేటకు కాగజాబాద్ అని పేరు. కాగితాల ఊరు. రేకులు, అట్టముక్కలతో కట్టుకున్న గుడిసెలు. కంపెనీ ఇరాన్‌కు ఇచ్చినదాని కంటే బ్రిటిష్ ఖజానాకు కట్టిన పన్నే ఎక్కువ. 1951లో ప్రధాని మొసాదెఖ్ చమురును జాతీయం చేశాడు. 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి ఆయన్ని దింపేశాయి.

అంతకు ముందే 1938 మార్చి 18న మెక్సికోలో అధ్యక్షుడు కార్దెనాస్ కూడా చమురును జాతీయం చేశాడు. కార్మికులకు జీతాలు పెంచాలన్న సుప్రీంకోర్టు తీర్పును విదేశీ కంపెనీలు ఖాతరు చేయకపోవడం దానికి తక్షణ కారణం. ఈ రెండు దెబ్బలూ చమురు కంపెనీలకు నేర్పిన పాఠం ఒక్కటే. ఆతిథ్యమిచ్చిన దేశంలో పాలకులను మంచి చేసుకోవాలి, వీలైతే భాగస్వాములను చేసుకోవాలి. బావి పక్కన ఉన్న పల్లె సంగతి ఆ పాఠంలో లేదు.

1956 జనవరిలో, ఇవాళ్టి బయెల్సా రాష్ట్రంలోని ఒలోయిబిరిలో షెల్-బీపీకి నైజర్ డెల్టాలో అమ్మకానికి పనికొచ్చేంత చమురు మొదటిసారి దొరికింది. 1958లో మొదటి ఓడ కదిలింది. 1960లో నైజీరియాకు స్వాతంత్య్రం వచ్చింది. ఒలోయిబిరి బావి రెండు దశాబ్దాలు పనిచేసి ఎండిపోయింది. తుప్పుపట్టిన బావి తల, దాని పక్కన ఒక బోర్డు మిగిలాయి. ఆ బావి చూడ్డానికి నాయకులు వస్తారు, ప్రసంగాలు చేస్తారు, వెళ్తారు.

ఇక్కడ కొంచెం ఆగి డబ్బు లెక్క చూడాలి. ఇది తెలియకపోతే తర్వాతి గొడవంతా అర్థం కాదు. స్వాతంత్య్రం నాటి రాజ్యాంగం ప్రకారం ఏ ప్రాంతంలో ఖనిజం దొరికితే ఆ ప్రాంతానికి రాబడిలో సగం. 1967-70 బయాఫ్రా అంతర్యుద్ధం, సైనిక పాలనలు వచ్చాక ఆ సగం 45కి, 20కి దిగుతూ 1980ల్లో నూటికి ఒకటిన్నరకు చేరింది. 1969 పెట్రోలియం చట్టం భూమిలోని చమురంతా కేంద్రానిదే అంది. 1978 భూవినియోగ చట్టం నేల మీద హక్కునూ ప్రభుత్వం చేతిలో పెట్టింది. రైతుకు దక్కేది పైరుకు, చెట్టుకు ఇచ్చే చిల్లర. షెల్ నడిపిన ఉమ్మడి సంస్థలో ప్రభుత్వ చమురు కంపెనీకి 55 శాతం, షెల్‌కు 30, మిగతాది ఫ్రెంచి, ఇటాలియన్ కంపెనీలకు. తప్పు జరిగితే శిక్షించాల్సినవాడే లాభంలో పెద్ద వాటాదారు. అక్కడి జనానికి న్యాయం అడగడానికి గుమ్మం లేకుండా పోయింది ఇందుకే. అందువల్లే వాళ్లు ప్రభుత్వాన్ని అడగాల్సిన రోడ్డు, కరెంటు, బడి కూడా కంపెనీ గేటు ముందు నిలబడి అడగడం మొదలుపెట్టారు. కంపెనీ మాత్రం, మేం పన్నులు కడుతున్నాం, ప్రభుత్వాన్ని అడగండి అంటూ వచ్చింది. రెండు మాటలూ అబద్ధాలు కావు. మధ్యలో నలిగింది పల్లె.

ఈ మధ్యలో కంపెనీ దాతృత్వం లేకపోలేదు. స్కాలర్‌షిప్పులు ఇచ్చారు, వ్యవసాయ విస్తరణ పథకాలు నడిపారు. తీసుకెళ్లే చమురుతో పోలిస్తే అవి ఏపాటి? అదే సమయంలో చమురుతో పాటు వచ్చే సహజ వాయువును పట్టి వాడుకోవడం ఖర్చని గాలిలో మండించేశారు. రాత్రీ పగలూ ఊరి పక్కన నిలువెత్తు మంట. దశాబ్దాల పాటు చీకటి పడని పల్లెలు ఉన్నాయి. వారీ అనే పట్టణం చుట్టుపక్కల ఆడవాళ్లు ఆ మంట దగ్గర నేల మీద కర్రపెండలం పిండి పరిచి ఆరబెట్టుకునేవారు. ఎండకంటే తొందరగా ఆరుతుంది, కట్టెల ఖర్చు లేదు. ఆ పొగ పీలుస్తూ, ఆ తిండే తింటూ బతికారు. ఈ మంటలు ఆపాలని 1979లో చట్టం చేశారు. 1984 నుంచి అనుమతి లేకుండా మండించడం నేరం. 2005 నవంబరులో బెనిన్ నగరంలో ఫెడరల్ హైకోర్టు, ఇది జీవించే హక్కుకే భంగమని తీర్పిచ్చింది. మంటలు ఆరలేదు.

1990 అక్టోబరు చివర ఉమూచెమ్ అనే ఊళ్లో కరెంటు, నీళ్లు, రోడ్డు, పరిహారం కావాలని కుర్రాళ్లు షెల్ స్థావరం దగ్గర ధర్నా చేశారు. కంపెనీ పోలీసు రక్షణ కోరింది, మొబైల్ పోలీసులు వచ్చారు. దాదాపు 80 మంది చనిపోయారు, 495 ఇళ్లు కూలాయి, కాలాయి. ఊరి పెద్ద కూడా చచ్చిపోయినవాళ్లలో ఉన్నాడు. విచారణ సంఘం ఊరివాళ్ల వల్ల ఏ ముప్పూ లేదని తేల్చింది.

అదే ఏడాది డెల్టాలోని ఒగోని జాతి ప్రజలు తమ హక్కుల పత్రం రాసుకున్నారు. వాళ్ల గొంతు కెన్ సరో-వివా. నవలాకారుడు, టీవీ హాస్య ధారావాహికతో నైజీరియా అంతా ఎరిగిన మనిషి. 1993 జనవరి 4న దాదాపు 3 లక్షల మంది ఒగోనిలు పచ్చటి కొమ్మలు పట్టుకుని నడిచారు. మొత్తం జనాభాయే 5 లక్షలు. ఆ ఏడే షెల్ ఒగోని నుంచి పని ఆపి వెళ్లిపోయింది, పైపులు మాత్రం అక్కడే ఉన్నాయి. 1994లో నలుగురు ఒగోని పెద్దల హత్య జరిగితే ఆ నేరం సరో-వివా మీద, ఆయన సహచరుల మీద మోపి, సైనిక నియంత అబాచా ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టాడు. 1995 నవంబరు 10న పోర్ట్ హార్కోర్ట్ జైల్లో తొమ్మిదిమందిని ఉరితీశారు. మర్నాడే కామన్వెల్త్ నైజీరియాను సస్పెండ్ చేసింది.

షెల్ తన పాత్ర లేదని అప్పుడూ ఎప్పుడూ అంటూనే ఉంది. 2009లో న్యూయార్క్‌లో ఆ కుటుంబాలు వేసిన కేసు విచారణకు రాబోతుండగా కోటీ 55 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. తప్పు ఒప్పుకుని కాదు, మానవతా దృష్టితో అని చెప్పింది. మళ్లీ అదే. డబ్బు బాకీ కింద కాక దానం కింద చేతులు మారింది.

నేను 1995ను ఈ కథకు మలుపు అంటాను. అంతకు ముందు చిల్లర దానం, ఆ తర్వాత సిద్ధాంతం. అదే ఏడాది ఉత్తర సముద్రంలో బ్రెంట్ స్పార్ అనే పాత చమురు నిల్వ కట్టడాన్ని ముంచబోయి యూరప్‌లో పెట్రోలు బంకుల దగ్గర బహిష్కరణ ఎదుర్కొంది షెల్. ఒగోని ఉరి, బ్రెంట్ స్పార్ రెండూ కలిసి కంపెనీ పరువు తీశాయి. 1997లో షెల్ తన వ్యాపార సూత్రాలను తిరగరాసి అందులో మానవ హక్కుల మాట చేర్చింది. 2000 నాటికి బీపీ పెట్రోలియాన్ని దాటి పోతున్నామంటూ కొత్త గుర్తు పెట్టుకుంది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్, కంపెనీ భద్రతా దళాల ప్రవర్తనకు స్వచ్ఛంద సూత్రాలు వచ్చాయి. 2002లో, కంపెనీలు ప్రభుత్వాలకు చేసే చెల్లింపుల పారదర్శకత కోసం ఈఐటీఐ అనే వేదిక. గమనించండి, అన్నిట్లో ముఖ్యమైన మాట స్వచ్ఛందం. చేస్తే మెచ్చుకోలు, చేయకపోతే శిక్ష లేదు.

ఈ కొత్త కాలపు ఆశలకు పరీక్ష చాద్‌లో జరిగింది. ఎక్సాన్ నాయకత్వంలో చాద్ నుంచి కామెరూన్ తీరం దాకా 1,070 కిలోమీటర్ల పైపులైనుకు 2000లో ప్రపంచ బ్యాంకు డబ్బిచ్చింది. చమురు రాబడి ఎక్కువగా విద్య, వైద్యం లాంటివాటికే పోవాలని, భావితరాలకు పదోవంతు దాచాలని ముందే చట్టం చేయించింది. సంతకం బోనస్‌గా వచ్చిన సొమ్ములో దాదాపు 45 లక్షల డాలర్లు ఆయుధాలకు వెళ్లాయి. 2005 చివర్లో చట్టాన్నే మార్చేశారు. 2008లో బ్యాంకు తప్పుకుంది.

డెల్టాకు తిరిగొద్దాం. అసలు బేరం అక్కడి ఆడవాళ్లకు తెలిసినంత బాగా ఏ సలహాదారుకూ తెలియదు. 2002 జులై 8న ఉగ్బొరోడో పల్లెల నుంచి దాదాపు 150 మంది స్త్రీలు పడవెక్కి చెవ్రాన్ వాళ్ల ఎస్క్రావోస్ చమురు రేవులోకి నడిచి వెళ్లారు. పిల్లల తల్లులున్నారు, పండు ముసలమ్మలున్నారు. విమానాలు దిగే చోటు, హెలికాప్టర్లు దిగే చోటు, ఓడరేవు, మూడిట్లోనూ కూర్చున్నారు. లోపలున్న 700 మంది ఉద్యోగులు కదల్లేకపోయారు. చేతుల్లో ఆయుధం లేదు. మమ్మల్ని బలవంతంగా కదిలిస్తే బట్టలు విప్పేస్తామన్నారు. ఆ సమాజంలో తల్లి వయసు ఆడది పరాయి మగవాడి ముందు అలా నిలబడటం అతనికి తగిలే శాపం. సైనికులు కూడా వాళ్ల మీద చేయి చేసుకోలేదు. పది రోజుల బైఠాయింపు తర్వాత కంపెనీ దిగొచ్చింది. ఊరివాళ్లకు కొన్ని ఉద్యోగాలు, బడి, నీళ్లు, కరెంటు. కంపెనీ కరెంటు దీపాలు ఏళ్ల తరబడి పాయ అవతలి నుంచి కనిపిస్తూనే ఉండేవి, ఊళ్లో మాత్రం లాంతరు. ఆ హామీలన్నీ తర్వాత సామాజిక బాధ్యత లెక్కల్లోకి ఎక్కాయి. నిజానికి అది బైఠాయింపుకు కట్టిన ధర.

ఇక కట్టినవి ఎలా కట్టారు? 2004లో క్రిస్టియన్ ఎయిడ్ సంస్థ సీఎస్ఆర్ ముసుగు గురించి ఒక నివేదిక వేసింది. షెల్ చేయించుకున్న సమీక్షలోనే మూడోవంతు పథకాలు కూడా పూర్తిగా ఫలించలేదని అందులో రాసింది. మరుసటి ఏడు ఫ్రైనాస్ అనే పరిశోధకుడు చెప్పిన ఉదాహరణ నాకు మరపురాదు. ఒకే తీరపు ఊళ్లో కంపెనీ మూడు టౌన్ హాళ్లు కట్టింది. ముగ్గురు పెద్దలు, ముగ్గురికీ కాంట్రాక్టు కావాలి మరి. ఊళ్లో పంచాయతీ భవనం మీద కాంట్రాక్టర్ల తగవులు చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. అవి కట్టించిన కంపెనీ మేనేజరు తప్పు కూడా కాదనిపిస్తుంది. అతని పని చమురు ఆగకుండా చూడటం. ఎక్కడ గొడవ జరిగితే అక్కడ ఒక భవనం. ఎంత ఖర్చయిందో నివేదికలో రాయడానికి అంకె ఉంటుంది. బడిలో మేష్టారున్నారా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా అన్నది ఎవరి అంకెల్లోనూ ఉండదు. అన్నిటికీ మించి, ఊరివాళ్లు మొదట అడిగేది, పైపు కారితే ఆపండి, కారింది ఎత్తేయండి, మంట ఆర్పండి అన్నది ఈ జాబితాల్లో ఎప్పుడూ పైకి రాలేదు. అది ఖర్చుతో కూడిన పని, తప్పు ఒప్పుకోవాల్సిన పని.

తప్పెవరిది అన్నదగ్గరే మరో మెలిక ఉంది. దొంగలు పైపు కోశారని తేలితే నైజీరియా చట్టం ప్రకారం కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదు. కారణం తేల్చే పరిశీలన బృందంలో కంపెనీ మాటే చెల్లుబాటు. దొంగతనం అబద్ధమని నేననను. పైపులు కోసి, పాయల్లో డ్రమ్ములు పెట్టి ముడి చమురు కాచే ముఠాలు నిజం, వాటి వెనక పెద్దచేతులు నిజం. 2006 నుంచి సాయుధ దళాలు అపహరణలు, పేలుళ్లతో ఉత్పత్తిని కుంగదీశాయి. 2009లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి, ఆయుధం అప్పగించినవాడికి నెలకు 65 వేల నైరాలు ఇచ్చింది. తుపాకీ పట్టినవాడికి నెలజీతం, వల పట్టినవాడికి యాభై బస్తాల్లో వాటా. ఆ ఏడాది డెల్టా పిల్లలు ఏం నేర్చుకుని ఉంటారు?

2011 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోని నివేదిక వచ్చింది. 14 నెలల పని, 200కు పైగా చోట్లు, 4 వేలకు పైగా నమూనాలు. ఒగాలే ప్రాంతంలోని ఒక ఊళ్లో జనం తాగే బావి నీళ్లలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లకు మించి ఉంది. భూగర్భ జలం మీద ఎనిమిది సెంటీమీటర్ల చమురు పొర తేలుతోంది. శుభ్రం చేసినట్టు కంపెనీ చెప్పిన చోట్ల కూడా మట్టిలో చమురు దిగి ఉంది. పూర్తిగా బాగుపడాలంటే 25 నుంచి 30 ఏళ్లు, మొదటి అయిదేళ్లకే వంద కోట్ల డాలర్లు కావాలన్నారు. ఈ సంగతులు రాసిన తర్వాత బడులు, స్కాలర్‌షిప్పుల నివేదికలు చదవడం కష్టం.

బాకీని బాకీ అని పిలిచింది చివరికి కోర్టులే, అవీ దూరదేశపు కోర్టులు. బోడో వాళ్లు లండన్ వెళ్లారు. ఊరంతటికీ కలిపి మొదట 4 వేల పౌండ్లు ఇవ్వజూపారని వాళ్ల న్యాయవాదులు చెప్పారు. 2015 జనవరిలో ఒప్పందం 5 కోట్ల 50 లక్షల పౌండ్లకు కుదిరింది, అందులోంచి 15,600 మందికి తలా రెండువేల పైచిలుకు. ఆ రెండంకెల మధ్య తేడాయే దానానికీ బాకీకీ తేడా. హాలండ్‌లో 2008లో నలుగురు రైతులు, జాలరులు షెల్ మీద కేసు వేస్తే 2021 జనవరిలో తీర్పొచ్చింది. అప్పటికి వాదుల్లో కొందరు లేరు. వాళ్ల బిడ్డలు కేసు కొనసాగించారు. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 2013లో కియోబెల్ కేసులో, పరాయి దేశంలో జరిగినదానికి మా తలుపు తట్టొద్దంది.

మనకూ ఇది పూర్తిగా పరాయి కథేం కాదు. సరో-వివాను ఉరితీసిన 1995లోనే, జనవరి 8న, కోనసీమలో పాశర్లపూడి బావి భగ్గుమంది. 65 రోజులు మండింది. కొబ్బరితోటల మీద ఎర్రటి ఆకాశం ఆ వైపు వాళ్లెవరూ మరిచిపోలేదు. సీఎస్ఆర్‌ను చట్టంలో పెట్టిన మొదటి దేశాల్లో మనది ఒకటి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. మూడు నెలలు తిరక్కుండా, జూన్ 27 తెల్లవారుజామున, కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. ఆ బావి, ఆ పైపులైను ప్రభుత్వ రంగ కంపెనీలవి, బహుళజాతి కంపెనీలవి కావు. కానీ పైపుకు యజమాని ఎవరన్నది దాని పక్కన పడుకున్నవాడికి తేడా చేయదు. 2 శాతంలోంచి బడి కట్టొచ్చు. తుప్పు పట్టిన పైపు మార్చడం మాత్రం ఆ లెక్కలోకి రాదు, రాకూడదు. అది కంపెనీ సొంత పని. ఈ తేడాను మన చట్టం గుర్తించింది. మన సర్పంచులు, మన పత్రికలు గుర్తించాయా అన్నది నా అనుమానం.

నైజీరియా 2021లో పెట్రోలియం పరిశ్రమ చట్టం చేసి, కంపెనీలు గతేడాది నిర్వహణ ఖర్చులో 3 శాతం ఊళ్ల ట్రస్టుకు జమచేయాలంది. అరవై అయిదేళ్ల తర్వాత దానం హక్కయింది. కానీ ఆ ఊరి పరిధిలో ఎవరైనా పైపు ధ్వంసం చేస్తే బాగు చేసే ఖర్చు ఆ నిధిలోంచే కోస్తారు. కాపలా పనీ ఊరిదే.

ఇప్పుడు పెద్ద కంపెనీలు నేల మీది, తీరం దగ్గరి బావులు అమ్మేసి, ఊళ్లు లేని లోతు సముద్రంలోకి వెళ్తున్నాయి. ఎనీ, ఎక్సాన్ 2024లో అమ్మేశాయి. షెల్ తన డెల్టా సంస్థను 2025 మార్చిలో రెనెసాన్స్ అనే కూటమికి అప్పగించింది. ఆస్తి చేతులు మారింది. పాత బాకీ ఎవరి పేరున ఉందన్నదే ఇప్పటి తగాదా. ఆ జూన్‌లో నైజీరియా అధ్యక్షుడు టినుబు సరో-వివాకూ ఆయన సహచరులకూ క్షమాభిక్ష ప్రకటించాడు. క్షమించడమంటే నేరం చేశారని ఒప్పించినట్టే కదా, నిర్దోషులని చెప్పమనే మేం అడిగామని వాళ్లవాళ్లు అంటున్నారు.

2016 నవంబరులో ఒగాలే రాజు ఒక్పాబీ తన ఊరి బావి నీళ్లు సీసాలో పట్టుకుని లండన్ హైకోర్టుకు వచ్చాడు. మూత తీస్తే చమురు వాసన. ఈ కేసు ఇంగ్లండ్‌లో నడపొచ్చా లేదా అన్న ఒక్క ప్రశ్నకే 2021 దాకా పట్టింది. నడపొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. పాత కాలుష్యానికి కూడా కంపెనీని అడగొచ్చని 2025 జూన్‌లో హైకోర్టు అంది. అసలు విచారణ 2027 మార్చికి వేశారు.